లైను మీద అనుమానం

మా షావుకారు ఫోనుకు చెక్కపెట్టె చేయించాడు. టేకు చెక్క, ఇత్తడి గొళ్ళెం, గొళ్ళేనికి తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఫోను మోగితే ఆయన పంచె సర్దుకుని, మొలతాడు వెతుక్కుని, తాళం తీసేలోపు అవతలివాళ్ళు విసుగెత్తి పెట్టేసేవాళ్ళు. "పోయిందే! ఎవరో ఏమో!" అని నా వంక చూసేవాడు, నేనే మోగకుండా ఆపేసినట్టు. నాకు ఒళ్ళు మండేది. ఫోను చూసుకోవడానికే నన్ను జీతమిచ్చి పెట్టుకుని, ఆ ఫోనే నాకు అందకుండా పెట్టెలో పెట్టి తాళం వేయడమేమిటి?

ఇది ఎనభైల మొదట్లో మాట. నరసరావుపేటలో ఒక పత్తి కొట్టు. అప్పటికి పల్నాడంతా పత్తి పిచ్చి పట్టి ఉంది. మాచర్ల వైపు పోయినా, గురజాల వైపు పోయినా నల్లరేగడి మీద పత్తే. రైతుల దగ్గర పత్తి కొని కోయంబత్తూరు మిల్లులకు పంపడం మా షావుకారు వ్యాపారం. అక్కడి పార్టీతో రోజూ పొద్దున ఒక ట్రంక్ కాల్ ఉండేది. రేటు పెరిగిందని అక్కణ్ణుంచి మాట రాగానే మా మనుషులు లారీ ఎక్కి ఊళ్ళ మీద పడాలి, ఆ సంగతి రైతుకు తెలిసేలోపు కొనేయాలి. ఇదేం న్యాయం అని నన్నడక్కండి, నేను జీతానికి చేరినదాన్ని. మొత్తం వ్యాపారం ఆ ఒక్క పూట తేడా మీద నడిచేది.

మాది రైలు పట్టాల అవతల చర్చి వీధి. నాన్న మిషన్ బడిలో పంతులుగా చేసి దిగిపోయాడు, పింఛను లేదు. గుంటూరు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నందువల్ల నాకూ మా అక్కకూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఆ ముక్కల కోసమే షావుకారు నన్ను కొట్లోకి తీసుకున్నాడు. బొంబాయి వాళ్ళతో మాట్లాడాలి, టెలిగ్రాములు రాయాలి, ట్రంక్ కాల్ బుక్ చేసి లైను కలిపించి ఆయన చేతికివ్వాలి. కొట్టు ముందు వరండాలో పత్తి తూచే పెద్ద కాటా ఉండేది. దూలానికి గొలుసు, గొలుసుకు ఇనప దండి, రెండు వైపులా చెక్క పళ్ళేలు. దాని దగ్గరికి నేను పోకూడదని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. అలాంటివి మాకు చెప్పాల్సిన పని లేదు, పుట్టినప్పటినుంచీ తెలుసు.

మా అక్కది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. అప్పుడు మా ఊళ్ళో ఫోనుకు అంకెల చక్రం లేదు. ఫోనెత్తితే ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పలకాలి, మనం నంబరు చెప్పాలి, ఆమె ఒక తీగ తీసి ఆ నంబరు రంధ్రంలో గుచ్చాలి. అలా చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని పొద్దస్తమానం తీగలు గుచ్చే ఆడపిల్లల్లో మా అక్క ఒకతి. టెంపరరీ పోస్టు. ఆ ఏడు పర్మనెంట్ చేస్తారని, ఫైలు గుంటూరు పెద్దాఫీసుకు పోయిందని చెప్పారు. మా ఇంట్లో అందరి ప్రాణం ఆ ఫైలు మీదే ఉంది. ఎవరి దగ్గర్నుంచైనా ఒక్క ఫిర్యాదు వెళ్ళిందంటే పర్మనెంట్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది.

ఇక గొడవ దగ్గరికి వస్తాను. మా కొట్టుకు సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, ఇంకో పత్తి కొట్టు ఉండేది. ఆయన చిన్న వ్యాపారి. కోయంబత్తూరులో పార్టీ లేదు, రోజూ ట్రంక్ కాల్ చేసే స్తోమత లేదు. వరండాలో పడక్కుర్చీ వేసుకుని పొద్దుటి పేపరును మధ్యాహ్నం దాకా చదివేవాడు. పక్కన ఒక డొక్కు జీపు నిలబడి ఉండేది. ఆ సీజన్లో ఏం జరిగిందంటే, మాకు రేటు పెరిగిందని కబురొచ్చిన ప్రతిసారీ మా లారీ కంటే ముందు ఆ డొక్కు జీపు ఊళ్ళోకి చేరిపోయేది. రైతుల చేతుల్లో బయానా పెట్టి, బేరం ఖాయం చేసుకుని వెళ్ళిపోయాక మావాళ్ళు చేరి ముఖాలు చూసుకునేవాళ్ళు. ఒక్కసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. ప్రతిసారీ అదే వరస!

"మన మాట బయటికి పోతంది," అన్నాడు షావుకారు ఒకరోజు గొంతు తగ్గించి. "ఎవరో మోస్తన్నారు. ఎవరో నాకు తెలియాల."

ఆ "ఎవరో" అన్న మాట ఆ రోజునుంచి కొట్లో కాపురం పెట్టింది.

ముందు హమాలీల మీద పడ్డాడు. ఫోను మోగితే వాళ్ళంతా వీధి చివర టీ కొట్టు దగ్గరికి పోయి నిలబడాలి. ఆ తర్వాత పక్కింటి గోడ. గోడకు చెవి పెట్టి వింటున్నారేమోనని ఫోనును ముందు గదిలోంచి వెనక గదిలోకి మార్పించాడు. కిటికీకి గోనె పరదా కట్టించాడు. ఆ తర్వాత, చెప్పాను కదా, చెక్కపెట్టె. ఇవేవీ పనిచేయకపోతే, మాట్లాడేటప్పుడు రేడియో గట్టిగా పెట్టమన్నాడు. రేడియోలో పొలం పనుల కార్యక్రమం గోల పెడుతుంటే, ఈయన రిసీవరు చేత్తో మూసుకుని గుసగుసలాడేవాడు. అసలే ట్రంక్ లైను, అరిస్తేనే అవతలికి సగం వినపడుతుంది. "ఏందీ? వినపడట్లా! ఏందీ?" అని చివరికి ఈయనే రేడియోను మించి అరిచేవాడు. నవ్వాపుకోలేక నేను టెలిగ్రాం కాగితాల్లో తల దూర్చేదాన్ని.

ఆ తర్వాత రహస్య భాష మొదలైంది. కందులంటే రేటు పెరిగినట్టు, పెసలంటే తగ్గినట్టు, మినుములంటే ఆగమని. కోయంబత్తూరు పార్టీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ వాళ్ళ తెలుగు వాళ్ళది. "కందులు ఎట్టున్నయ్యి?" అని ఈయన అడిగితే, అవతలాయన ఒకసారి మరిచిపోయి, "కందులా? మాకెందుకండీ కందులు, పత్తి పంపించండి," అన్నాడట. షావుకారు నెత్తి కొట్టుకున్నాడు. సరే, కొన్నాళ్ళకు ఆ భాష కుదిరింది. కందులు పెరిగాయి. జీపు మళ్ళీ ముందే వెళ్ళింది.

ఈమధ్య మా అక్క కొడుకు తన కంపెనీ సంగతి చెబుతుంటే ఇదంతా గుర్తొచ్చింది. వాడు వ్యాపారాల కంప్యూటర్లకు కాపలా కాసే పనిలో ఉన్నాడు. ఫైర్‌వాల్ అంట, పాస్‌వర్డు మీద ఇంకో పాస్‌వర్డు అంట, ఎవడు ఏ ఫైలు తెరిచాడో చూసే సాఫ్ట్‌వేర్ అంట. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది, వాళ్ళే ఒక దొంగ మెయిలు తయారుచేసి ఉద్యోగులకు పంపి, ఎవడు నొక్కుతాడా అని కాచుకుని కూర్చోవడం. "ఇది కొత్త పద్ధతి పిన్నీ," అన్నాడు. కొత్తా, నా మొహమా! చెక్కపెట్టె కాలంలోనే మా షావుకారు నా మీద ఆ పద్ధతి వాడాడు.

అదెలాగో చెబుతాను. హమాలీలు అయ్యారు, గోడ అయింది, స్తంభం ఎక్కి తీగలు చూసి రమ్మని లైన్‌మన్‌ను పంపడం కూడా అయింది. ఇక మిగిలింది ఎక్స్ఛేంజి. "లైను కలిపే వాళ్ళు వినరా ఏంది?" అన్నాడొక రోజు, నాతో కాదు, గోడతో అన్నట్టు. ఆ తర్వాత నాతో, "మీ అక్క డ్యూటీ పొద్దునా, మధ్యాహ్నమా?" అని అడిగాడు. పొద్దున అని చెప్పాను. తల ఊపాడు. తీగకు ఆ చివర అక్క, ఈ చివర చెల్లెలు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో. అలాగని నాకు కోపం రాకుండా పోలేదు.

ఇంటికి వెళ్ళి అక్కతో చెప్పాను. "మీ మాటలు వినడానికి నాకేం పనీ పాటా లేదనుకున్నాడా మీ షావుకారు? బోర్డు మీద ఒకేసారి అన్ని లైట్లు వెలుగుతుంటే ఎవరి కందులు ఎవరి పెసలు వింటామే?" అని కసిరింది. కాసేపాగి, బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా, "నువ్వు టీ కొట్టు కాడ ఎవరితోనన్నా నోరు జారావా?" అంది.

"నన్నడుగుతున్నావా?" అన్నాను.

"అడిగితే ఏమైంది? నా ఉద్యోగం గదా పోయేది."

ఆ రాత్రి ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. అనుమానం అంటువ్యాధి, ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మర్నాడు పొద్దున అక్క జడ వేసుకుంటుంటే ఆమె చేతి గడియారానికి కొత్త బెల్టు కనిపించింది. ఎరుపు రంగు తోలు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందబ్బా అని నేను చూడటం, నేను చూడటాన్ని ఆమె చూడటం, రెండూ జరిగాయి. "పెద్దమ్మ ఇచ్చిన పాత గడియారమేనే. బెల్టు తెగితే వేయించుకున్నా. ఇంకా ఏమన్నా అడగాలా?" అంది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఒకే చాప మీద పడుకునే అక్కాచెల్లెళ్ళం, ఒకరి మణికట్టును ఒకరు తనిఖీ చేసుకునే గతికి వచ్చాం. ఆ షావుకారు చేయించిన చెక్కపెట్టె మా ఇంట్లో కూడా మూత తెరుచుకుంది.

తర్వాత నాలుగు రోజులకో ఐదు రోజులకో, మామూలుగా పొద్దున కోయంబత్తూరు కాల్ బుక్ చేశాను. ఆ రోజు లైను దారుణంగా ఉంది, ఒకటే గరగర. మాట వినపడక ఇద్దరూ అరుచుకుంటుంటే మధ్యలో మా అక్క గొంతు వచ్చింది. లైను మరీ బాగాలేకపోతే ఆపరేటరు మధ్యలో ఉండి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించేది. అది వాళ్ళ పనిలో భాగమే. "కందులు బాగా పెరిగాయంటున్నారండీ. ఈ సీజన్లో ఇంత పెరగడం ఇదే మొదటిసారంట," అని అక్క గట్టిగా చెప్పడం పక్కన నిలబడ్డ నాకే వినిపించింది. షావుకారు, "అట్టాగా! సరే సరే!" అని ఫోను పెట్టేసి, పెట్టె తాళం వేసి, వచ్చి ముందు గదిలో గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు.

కూర్చుని వీధి చూస్తున్నాడు. లారీ కట్టమనలేదు. మనుషులను పిలవలేదు. ఎదురుగా పడక్కుర్చీలో ఆయన పేపరు తిరగేస్తున్నాడు. జీపు నిలబడే ఉంది. మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి పోయి వచ్చాను, షావుకారు అక్కడే కూర్చుని ఉన్నాడు. సాయంత్రమైంది. జీపు కదల్లేదు.

అప్పుడు నన్ను పిలిచాడు. "ఏమే అమ్మాయ్, చెప్పేశావు గదా మీ అక్కకు?"

"ఏం చెప్పానండీ?"

"పొద్దున వచ్చిన రేటు అబద్ధమని. నేనే కోయంబత్తూరు వాళ్ళకు మన లారీ డ్రైవరుతో చెప్పి పంపించా, ఫలానా రోజున దొంగ రేటు చెప్పండయ్యా అని. మీ అక్క అది నమ్మి ఎదురు కొట్టుకు చేరవేసిద్ది, జీపు కదులుద్ది, దొంగ దొరికిద్ది అనుకున్నా. జీపు కదల్లా. అంటే ఏంది? అది దొంగ రేటని మీ అక్కకు తెలిసిపోయింది. ఎవరు చెప్తే తెలిసిద్ది?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల తిరిగింది. "ఏందండీ మీరనేది? జీపు కదిలితే మా అక్క దొంగ. జీపు కదలకపోతే నేనూ మా అక్కా ఇద్దరం దొంగలం. మరి మేం దొంగలం కాదని మీకు ఎట్టా తెలిసిద్ది? జీపు ఏంచేస్తే తెలిసిద్ది? గాల్లో ఎగరాలా?"

"నోరు లేచిందే!" అన్నాడు. "మధ్యాహ్నం అన్నం పేరు చెప్పి పోయావు గదా. అప్పుడు చెప్పావు."

"ఆ దొంగ రేటు సంగతి నాకే తెలియదయ్యా బాబూ! తెలియంది ఎట్టా చెప్తాను?"

"పసిగట్టావు," అన్నాడు. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయినట్టు లేచాడు. "రేపటి నుంచి నువ్వు రావద్దు. మీ అక్క మీద కాయితం పెడతన్నా. కోర్టు కాడ అర్జీలు రాసే ఆయన చేత రాయించా. రేపు మధ్యాహ్నం బస్సుకు గుంటూరు పోయి పెద్దాఫీసులో ఇచ్చొస్తా."

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే అక్క ఇంట్లోంచి వచ్చి విషయం విని, ఏడవకుండా నా పక్కన చతికిలబడింది. నాన్న లోపలి నుంచి, "ఏందమ్మా?" అంటే, "ఏం లేదు నాన్నా," అంది. కాసేపటికి చిన్నగా, "నేనే చెప్పానే ఆ రేటు, నా నోటితోనే. లైను బాగాలేదని మధ్యలో ఉండి చెప్పా. నాకు అబద్ధమని తెలియదు. నేను దొంగనైతే ఆ రేటు ఎదురు కొట్టుకు పోయి ఉండాల గదా? పోలా గదా?" అంది.

"పోలేదు," అన్నాను.

"మరి ముందు నిజం రేట్లు ఎట్టా పోయినయ్యి?"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గడియారం బెల్టు తర్వాత మేం సూటిగా చూసుకోవడం అదే మొదలు. నిజం రేటు ఫోన్లోనే వచ్చింది, అక్కే లైను కలిపింది. దొంగ రేటూ ఫోన్లోనే వచ్చింది, అక్కే కలిపింది, పైగా అక్కే చెప్పింది. ఫోను వరకు రెండు రోజుల్లోనూ ఏ తేడా లేదు. అంటే తేడా ఫోను తర్వాత ఉంది.

"నిజం రేటు పెరిగిన రోజున ఫోను పెట్టేశాక మీ షావుకారు ఏంచేస్తాడే? వరసగా చెప్పు," అంది అక్క.

"ఏంచేస్తాడు, పెట్టె తాళం వేస్తాడు. మంచినీళ్ళు తాగుతాడు. పంచాంగం తీసి వర్జ్యం ఎప్పుడు దాటుద్దో చూస్తాడు, అది దాటేదాకా లారీ కదలనీయడు. ఈలోపు కాళ్ళు చేతులు కడుక్కుని కాటాకు పసుపు..."

అక్కడ ఆగిపోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

మా షావుకారు తండ్రి నుంచి వచ్చిన ఆచారం అది. రోజూ చేసే పూజ కాదు. రోజూ లోపల లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగిస్తాడు, అంతే. రేటు పెరిగి, పెద్ద కొనుగోలుకు మనుషులను పంపే రోజున మాత్రం, ఎవరితో ఒక్క మాట మాట్లాడకముందు, తన చేత్తో కాటా దండికి ఈ చివర నుంచి ఆ చివరకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, దణ్ణం పెట్టుకుంటాడు. కాటాకు చెప్పకుండా కొంటే తూకం కలిసిరాదని ఆయన నమ్మకం. ఆ కాటా వీధి వైపు ముందు వరండాలో వేలాడుతుంటుంది. ఎదురుగా పడక్కుర్చీ. మా షావుకారు వర్జ్యం దాటడానికి ఎదురుచూసే గంటలో, ఏ వర్జ్యమూ చూడని ఆ ఎదుటాయన జీపు మాచర్ల రోడ్డు ఎక్కేది. రేటెంతో ఆయనకు తెలియక్కర్లేదు, పెరిగిందని తెలిస్తే చాలు. ఫోనుకు తాళం, కిటికీకి పరదా, కందులు, పెసలు, రేడియో, అన్నీ పెట్టుకుని, చివరికి మా షావుకారే స్వహస్తాలతో పచ్చగా వీధంతటికీ చాటింపు వేస్తున్నాడు. దొంగ రేటు రోజున పసుపు పూయలేదు. ఎందుకు పూస్తాడు, అబద్ధమని ఆయనకు తెలుసు కదా!

మర్నాడు పొద్దున్నే కొట్టుకు పోయాను. రావద్దన్నాడని గుర్తుంది, అయినా పోయాను. షావుకారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. జేబులో మడత పెట్టిన కాగితం పైకి కనిపిస్తోంది. నేను చెప్పింది మొత్తం విన్నాడు. విని, "కాటా నోరు తెరిచి మాట్లాడిద్దా?" అన్నాడు.

"నా మాట నమ్మొద్దు," అన్నాను. "ఇవాళ ఇంకా కాల్ రాలా. ఫోను పెట్టెలోనే ఉంది, తాళంచెవి మీ కాడే ఉంది. మా అక్క లైను కలపలా. ఇప్పుడు మీరు కాటాకు పసుపు పూయండి. జీపు కదిలితే తప్పు ఎక్కడుందో మీ కళ్ళతో మీరే చూస్తారు. కదలకపోతే మీ ఇష్టమొచ్చినట్టు చేయండి, బస్సు దాకా నేనే మీ సంచి మోసుకొస్తా."

ఆయన వెనక్కి జరిగాడు. "కొనుగోలు లేకుండా పసుపు పూయమంటావా? దొంగ పూజా? మా నాయన పెట్టిన ఆచారం అది. కాటా ముందు అబద్ధమాడితే వంశం నిలవదు. నా వల్ల కాదు."

"ఒక్కసారి..."

"చెప్పా గదా, పాపం! నా చేత పాపం చేయిస్తావా?"

అప్పటిదాకా బతిమాలుతున్నదాన్ని, ఆ పాపం అన్న మాటకు నాకు కోపం కట్టలు తెంచుకొచ్చింది. "మా అక్క కూడు తీసే కాయితం రాయించేటప్పుడు గుర్తురాలేదా పాపం?" అన్నాను. "ఇనుముకు పసుపు రాయాలంటే వంశం గుర్తొచ్చిందా? మాకు లేదా వంశం? మా నాన్నకు పింఛను లేదు, అక్క జీతం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. దానికి మీ పంచాంగంలో వర్జ్యం లేదా?"

హమాలీలు పని ఆపి చూస్తున్నారు. గూట్లో పసుపు డబ్బా ఉంది. నేను పోయి తీసుకున్నాను. ఏంచేస్తున్నానో నాకు బాగా తెలుసు, ఎవరో పూని చేయించారని అబద్ధం చెప్పను. వరండాలోకి వచ్చాను. చెంబులో నీళ్ళు పోసి పసుపు కలిపి, కాటా దండికి ఈ చివర నుంచి ఆ చివరకు పూసేశాను. పసుపు నా చీర మీద కూడా చిమ్మింది. "ఏయ్! ఏయ్! ఏందే!" అని షావుకారు వెనక నుంచి కేక వేశాడు కానీ పట్టుకుని ఆపడానికి నన్ను ముట్టుకోలేదు. ముట్టుకోడని నాకు తెలుసు.

కుంకుమ కూడా పెట్టి పక్కకు తప్పుకున్నాను. వీధి అవతల పేపరు కిందికి దిగింది. ఆయన ఎవరు పూశారో చూశాడో లేదో గానీ, పసుపు మాత్రం చూశాడు. కుర్చీలోంచి లేచాడు. "ఒరేయ్, జీపు తీయరా! బయానా సంచి పట్టుకురా!" అన్న కేక మా వరండాలోకి స్పష్టంగా వినపడింది. డ్రైవరు గ్లాసులో టీ పారబోసి పరిగెత్తాడు. జీపు దగ్గి, పొగ వదిలి, మాచర్ల రోడ్డు వైపు మలుపు తిరిగి పోయింది.

ఫోను లోపల పెట్టెలో ఉంది. ఆ రోజు ఇంకా ఒక్కసారీ మోగలేదు.

"ఏ రేటు మీద పోయాడయ్యా ఆయన?" అన్నాను. "ఎవరు చెప్పారు ఆయనకు? మా అక్కా?"

షావుకారు ఖాళీగా ఉన్న పడక్కుర్చీ వంక చూశాడు, కాటా వంక చూశాడు. జేబులోంచి కాగితం తీసి, విప్పకుండా, రెండుగా చింపి, మళ్ళీ చింపి, కాలవలో పడేశాడు. అది కళ్ళారా చూశాక గోడకు ఆనుకున్నాను. అక్క ఉద్యోగం నిలబడింది. ఆ ఏడాదే పర్మనెంట్ కూడా అయింది, ఆ కబురు ఇంటికి వచ్చిన రోజున నాన్న పిల్లాడిలా ఏడ్చాడు. కానీ అది తర్వాతి మాట. ఆ పొద్దున నాకు అంత దూరం తెలియదు, గోడకు ఆనుకుని, హమ్మయ్య, దేవుడున్నాడు అనుకున్నాను అంతే.

షావుకారు హమాలీని పిలిచాడు. "బావి కాడికి పోయి నాలుగు బిందెలు నీళ్ళు తే. కాటా కడగాల. పళ్ళేలు, గొలుసులు, మొత్తం. ఎక్కడా వదలొద్దు," అన్నాడు. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. దుమ్ము పడితే దులపమని చెప్పినంత మామూలుగా అన్నాడు. హమాలీ నా వంక ఒకసారి చూసి, తల దించుకుని, బిందె ఎత్తుకుని పోయాడు. నేను పూసిన పసుపు నీళ్ళతో కలిసి మెట్ల మీదుగా వీధిలోకి కారిపోతుంటే అందరం నిలబడి చూశాం.

కడగడం అయ్యాక షావుకారు నా వైపు తిరిగాడు. ముఖం తేటగా ఉంది, బరువు దిగినట్టు. "తెలివిగలదానివే అమ్మాయ్," అన్నాడు. "నేను తొందరపడ్డాలే. ఇంతకీ మీ ఇద్దరిదీ తప్పేం లేదని తేలింది గదా. ఇక ఎప్పటిలాగే వచ్చెయ్. కాల్ టైమవుతంది, పోయి ఫోను చూసుకో."

కాటా నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ముందు ఆ ఫోను కూడా కడిగించండి షావుకారు గారూ," అన్నాను. "ఇన్నాళ్ళూ నేను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి మీ చేతికిచ్చింది అదే."

ఆయన నిజంగానే ఫోను గది వైపు చూశాడు.